క్రీడాగురువు సయ్యద్ అబ్దుల్ రహీంగారు

మన మహాసభ సంచికలయందు మన కులమునఁ బుట్టి పేరుగన్న దాతలయు, పండితులయు, న్యాయవాదులయు జీవితములను బ్రకటించుట వాడుకగా వచ్చుచున్నది. ఈ యేఁడు మేము వ్రాయఁబూనిన మహనీయుఁడు మన కులమువాఁడు గాఁడు, మతమును వేఱు. హైదరాబాదు నగరమునఁ బుట్టి, బడిపంతులై, బీదపిల్లలకు ఫుట్‌బాల్ ఆట నేర్పి, వారిని దేశదేశములకుఁ గొనిపోయిన సయ్యద్ అబ్దుల్ రహీంగారి చరిత్ర మిది. ఇది యిచట నేల యని యడుగువారికి మా సమాధాన మొక్కటే. మన పెద్దలు బాలుర వసతిగృహములు నడపుచున్నారు. పిల్లలను దిద్దు భారమును నెత్తిన వేసికొన్నారు. పిల్లలను దిద్దుట యెట్లో యెఱిఁగినవాని కథను, వాఁడు మన గోడ కీవలివాఁడా యావలివాఁడా యని చూచి చదువ నక్కఱలేదు.

రహీంగారి పేరు వినఁగానే 1962లో జకార్తానగరమున గెలిచిన బంగారు పతకమునే యందఱును దలంతురు. 2024లో హిందీభాషలో వెలువడిన చలనచిత్రమును ఆ కథనే ప్రధానముగాఁ జూపెను. అది గొప్పకథయే, దానిని మేమును జెప్పుదుము. కాని యా పతకమునకు ముందు ఇరువదియేండ్లకుఁ బైగా మన నగరపు మట్టిమైదానములలో జరిగిన పాఠమే మాకు మిక్కిలి విలువగలదిగాఁ దోఁచుచున్నది. కావున మొదట దానిని గూర్చి తఱచి చెప్పి, గెలుపుల సంగతి తరువాత విన్నవింతుము.

1908 సెప్టెంబరు నెలలో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలఁది జనులు మడిసిరి. ఆ మఱుసటి యేఁడు 1909 ఆగస్టు 17వ తేదీన రహీంగారు జన్మించిరి. ఆయన బాల్యమంతయు నగరము మఱలఁ గట్టఁబడుచున్న కాలము. నదికి ఎగువను ఉస్మాన్‌సాగరము, హిమాయత్‌సాగరము వెలసినవి. ఒడ్డున న్యాయస్థానము, ఆసుపత్రి, సిటీ కళాశాల యెత్తయిన గుమ్మటములతో లేచినవి. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయ మేర్పడి ఉర్దూభాషలో నున్నతవిద్య గఱపసాగెను. రహీంగారు ఆ విశ్వవిద్యాలయమునఁ జదివి బి.ఏ. పట్టము నందిరి. చదువుకొను దినములలోనే విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టునఁ బేరుపొందిరి. పిదప ఎలెవెన్ హంటర్స్ అను విద్యార్థుల జట్టులోను, నాఁడు నగరమున మేటియైన కమర్ క్లబ్బులోను ఆడిరి. ఆటగాఁడుగా ఆయన మంచివాఁడే. కాని యంతటి యాటగాండ్రు మఱి కొందఱును నుండిరి. ఆయనను వేఱుపఱచిన గుణము వేఱొకటి.

పట్టమందిన వెనుక రహీంగారు ఉపాధ్యాయవృత్తిలోఁ జేరి కాచిగూడ మాధ్యమిక పాఠశాలలోను, ఉర్దూ షరీఫ్ పాఠశాలలోను, దారుల్ ఉలూం ఉన్నత పాఠశాలలోను, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాలలోను బనిచేసిరి. వీనిలో దారుల్ ఉలూం మొదటి సాలార్‌జంగు మంత్రి కాలమునాఁటిది. అరబ్బీ పారసీకములకుఁ బుట్టినిల్లు. అట్టి బడులలోఁ బుస్తకపుఁ జదువు చెప్పుచు గౌరవముతోఁ గాలము గడుపవచ్చును. రహీంగారు అట్లు చేయలేదు. వ్యాయామవిద్యలో డిప్లొమా పరీక్షకుఁ జదివి, కృతార్థుఁడై, బడిపిల్లల యాటపాటల భారమును దామే తీసికొనిరి.

ఇది యెంతటి తెగువయో బడి లోపలి సంగతి తెలిసినవారికే తెలియును. మేమును బడిలోనే తల నెరసినవారము. ఉపాధ్యాయుల గదిలో డ్రిల్లు మాస్టరు కుర్చీ తలుపు దగ్గఱనే యుండును. లెక్కల పాఠము మిగిలిపోయినచో మొదట కోఁతపడునది యాయన గంట. తనిఖీ యధికారి వచ్చిననాఁడు ఆయనకు ముగ్గు వేయించు పనియు, తోరణము కట్టించు పనియుఁ దప్ప వేఱు పని యుండదు. పట్టభద్రుఁడై యుండి, వాఙ్మయపాఠమును విడిచి, ఈల మెడను వేసికొని యెండలోనికి నడచినవానిని జూచి తోడి పంతుళ్లు జాలిపడుట సహజము. ఆ యీలయే యొకనాఁడు భారతదేశపు జట్టును నడపునని నాఁ డెవ్వ రూహింతురు?

ఆ దినములలో నగరమునఁ బిల్లల యాట యెట్లుండెనో కొంత చెప్పవలయును. సికిందరాబాదు దండు ప్రదేశములలో నాంగ్లసైనికులకు మంచి మైదానములును, తోలు బూట్లును నుండెను. ఈ యాట నగరములోనికి వచ్చినది యా దండునుండియే. కాని యా సదుపాయములు మాత్రము దానివెంట రాలేదు. నగరపుఁ బిల్లలకు గట్టినేల, గులకఱాళ్లు, మండుటెండ, వట్టికాళ్లు. మంచి తోలుబంతి యొకటి యున్న వాడ రాజ్యమున్న వాడవలె మిడిసిపడును. బూట్లు కొనుట యన్న ఆ యిండ్లలో నెలవెచ్చము మాట. చాలినంత తిండిలేక యెదుగుదల తగ్గిన బాలురే యెక్కువ. పొడవైనవాఁడు భుజముతోఁ ద్రోసినచో చిన్నవాఁడు దుమ్ములోఁ బడును. ఇట్లు పడి పడి విసిగి యాట మానుకొన్నవా రెందఱో.

రహీంగారు 1940 తరువాతి తొలియేండ్లలో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘమునకుఁ గార్యదర్శియై, మరణపర్యంత మా పదవిని నిర్వహించిరి. ఆ యధికారముతో ఆయన చేసిన మొదటి మేలు పిల్లలకు వేఱుగాఁ బోటీలు పెట్టించుట. అందులో నొకటి నాలుగడుగుల పది యంగుళముల పోటీ. అంతకు మించిన పొడవుగలవాఁడు దానిలో నాడరాదు. ఈ నియమమును మేము మొదట వినినపుడు నవ్వు వచ్చెను. ఆలోచింపఁగా దానిలోని బుద్ధి యర్థమైనది. జననపత్రములు లేని కాలమున వయస్సు చెప్పుటలో బొంకు చెల్లును. కొలకఱ్ఱ ముందు బొంకు చెల్లదు. పొట్టివాఁడు పొట్టివానితోనే తలపడును గనుక, త్రోపులాట తగ్గి నేర్పునకు విలువ వచ్చును. ఆఁకలిచేఁ బెరుగని దేహము నాఁటినుండి నిందకుఁ గారణము గాక యర్హత యయ్యెను. పేదవానికి దక్కిన యర్హత లెన్ని గలవు?

రెండవది దుర్బలపాదపు పోటీ. కుడికాలు వాటముగలవాఁడు ఎడమకాలితోనే యాడవలయును. ఎడమకాలి వాటముగలవాఁడు కుడికాలితోనే. మన భారతమున నర్జునునకు సవ్యసాచి యను పేరు గలదు గదా. రెండు చేతులతోను బాణము వేయఁగలవాఁడు గనుక ఆ పేరు. అతని కది పుట్టుకతో వచ్చినదని పౌరాణికులు చెప్పుదురు. రహీంగారు మాత్రము సవ్యసాచులను బుట్టించుటకుఁ బోటీయే పెట్టిరి. బలమైన కాలిని వాడరాదన్నచో మొదటినాఁడు మైదానమంతయు నవ్వులపాలగును. బంతి యెటో పోవును. గొప్ప యాటగాఁడును చంటిపిల్లవానివలెఁ దడఁబడును. కొన్ని వారములు గడచిన పిదప ఆ తడఁబాటు తీఱును. అప్పుడు ఎదిరివానికి వీఁడేవైపు తిరుగునో తెలియదు.

మూఁడవది మఱింత కఠినము. బంతిని దనకడనే యుంచుకొని యొక్కొక్కనిని దప్పించుకొనుచుఁ బోవుటను డ్రిబ్లింగు అందురు. ఆ పోటీలో డ్రిబ్లింగు నిషిద్ధము. అందిన బంతిని అందినట్లే తోటివాని కందింపవలయును. వాడపిల్లవానికి డ్రిబ్లింగే యైశ్వర్యము. ఇంట లేని గౌరవము, బడిలో దక్కని మెప్పు వానికి మైదానమున నొక్కఁడై పదిమందిని దాఁటినపుడు దక్కును. దానిని మానుమనుట వాని సొత్తు లాఁగికొనుటవంటిది. అయినను రహీంగారు దానిని మాన్పించిరి. ఎల్లకాలమును గాదు, ఆ పోటీ జరిగినంత వఱకే. బంతిని విడిచిపెట్టుట నేర్చినవానికే దాని నెప్పు డుంచుకొనవలెనో తెలియునని యాయన భావమై యుండును.

సంస్కృతము చదివిన మాకు వీనిని జూచినపుడు వేదాధ్యయనపద్ధతి జ్ఞప్తికి వచ్చుచున్నది. సంహితాపాఠము వచ్చినవాఁడు మంత్రమును ధారాళముగాఁ జెప్పఁగలఁడు. అంతటితోఁ జాలునని గురువు విడువఁడు. పదపాఠమున మాటలు విడదీయించును. క్రమపాఠమున రెండేసి మాటలు జతచేయించును. జటలో ముందుకు వెనుకకు మఱల ముందుకు నడిపించును. ఘనపాఠము సంగతి చెప్పనే యక్కఱలేదు. మంత్ర మదియే, దారికి మాత్ర మడ్డంకులు పెట్టుట. ఆ యడ్డంకులన్నియు దాఁటినవాని నోట నక్షరము జాఱదు. రహీంగారు మన వేదపాఠశాలలను జూచిరో లేదో మే మెఱుఁగము. పిల్లవాని మార్గమునఁ గొలిచి పెట్టిన యడ్డంకియే పాఠమని తెలిసికొన్న గురువు లెక్కడనైన నొక్కటే దారిని నడతురు. పేదఱికము పెట్టిన యడ్డంకులు కొలత లేనివి; అవి మనుష్యుని విఱుచును. గురువు పెట్టిన యడ్డంకి కొలత గలది. అది యలవాటు చేయును. రహీంగారి నేర్పంతయు ఈ రెంటికిని గల భేదమును గుర్తించుటలో నున్నది.

ఇంక గెలుపుల కథ. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగి నిజాము ప్రభుత్వము ముగిసెను. 1950లో రహీంగారు హైదరాబాదు సిటీ పోలీసు జట్టునకు శిక్షకులైరి. కొలువులు తలక్రిందులైన యా కాలమున బంతియాట వచ్చిన బీదబాలునకుఁ బోలీసు కొలువు దొరకుట యనఁగా నింటికి నెలజీతము, తలమీఁద నొక టోపీ. కనుక ఆ జట్టులోఁ జోటు కేవలము క్రీడావినోదము గాదు. దానిని సంపాదించుకొన్నవా రెంత పట్టుదలతో నాడియుందురో యూహింపవచ్చును.

బొంబాయి నగరమున 1891నుండి జరుగుచు వచ్చిన రోవర్స్ కప్పు పోటీని ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా నైదేండ్లు గెలిచెను. 1950లోనే డ్యూరండ్ కప్పు తుదిపోటీలోఁ గలకత్తా మోహన్ బగాన్ జట్టును ఓడించెను. బంతియాట యనిన గలకత్తాయే యని దేశమంతయు ననుకొను దినములలో, పటాలమునుండి కాక, ధనికుల క్లబ్బునుండి కాక, దక్కనులోని పోలీసు మైదానమునుండి యీ జట్టు పోయి వారి సొమ్మును బట్టుకొనివచ్చెను. అటుపిమ్మట గలకత్తా క్లబ్బులవారు ప్రతియేఁటను మన నగరమునకు వచ్చి యాటగాండ్రను దీసికొనిపోవుట యాచారమైనది. రహీంగారు పెంచిన చెట్లకు ఫలములు వంగదేశమున రాలినవి. దానికి మన మేమియు వగవ నక్కఱలేదు, విత్తనము మనదే.

1951 మార్చిలో ఢిల్లీ నగరమున మొట్టమొదటి ఆసియా క్రీడలు జరిగెను. భారతజట్టునకు రహీంగారు శిక్షకులు, శైలేన్ మన్నా నాయకుఁడు. తుదిపోటీలో మేవాలాల్ వేసిన యొక్క గోలుతో మనవారు ఇరాను దేశమును గెలిచి బంగారు పతక మందిరి. సిటీ పోలీసు బాలురైన నూర్ మొహమ్మద్, అజీజుద్దీన్ మొదలగువా రా జట్టున నుండిరి. స్వరాజ్యము వచ్చి నాలుగేండ్లైనను గాని దేశమునకు అది గొప్ప యూఱట.

మఱుసటి యేఁడు 1952లో ఫిన్లాండు దేశమున హెల్సింకి నగరమందు ఒలింపిక్ క్రీడలు. అక్కడి చలిలో, తడినేలపై, మనవారిలోఁ బెక్కుమంది వట్టికాళ్లతో యుగోస్లావియా జట్టు నెదిరించిరి. పదిగోళ్లకు ఒక్క గోలుతో నోడిరి. జీవితచరిత్రకారులు సాధారణముగా నిట్టి తావులను గప్పిపుచ్చి పోవుదురు. మేము గప్పిపుచ్చము. పది గోళ్లు పడినవి. వట్టికాలికి బంతి చక్కఁగాఁ దెలియును. గట్టినేలమీఁద అది వరమే. బురదలోను జలిలోను అదే శాపము. ఈ యోటమి పిదప అఖిలభారత ఫుట్‌బాల్ సంఘమువారు బూట్లు తొడుగుట విధిగాఁ జేసిరి. పుట్టినదాదిగా వట్టికాళ్లతో నాడిన యువకునకు బూటు తొడిగినచోఁ గాలు తనది గానట్లుండును. మఱల మొదటినుండి నేర్పవలయును. ముప్పది దాఁటిన వారికిఁ జేతులు దిద్దించు పంతులువలె రహీంగారు ఆ పని చేసిరి.

వ్యూహమునందును ఆయన యిట్లే మార్పునకు వెఱవలేదు. అప్పటివఱకు ముందువరుస యైదుగురును గీటు గీచినట్లు ముందే నిలుచువారు. నడిమి ముందాటగానిని వెనుకకు దించి, బంతిని పంచువానిగాఁ జేసి, ఎదిరి రక్షకుఁడు వానివెంటఁ బోవలెనో నిలువవలెనో తెలియక తికమకపడునట్లు రహీంగారు 1952లో కొలంబో పోటీలలోనే యాడించి రని యాటచరిత్ర వ్రాసినవారు చెప్పుదురు. హంగరీ జట్టు ఇట్టి పన్నుగడతోనే 1953 నవంబరులో లండను వెంబ్లీ మైదానమున నాంగ్లేయులను 6-3 గోళ్లతో నోడించి లోకమును నివ్వెఱపఱచెను. యూరపులో నూఱు పత్రికలు పొగడిన యుపాయము మన బడిపంతులుగారి సంచిలో నంతకుముందే యుండె ననుట మాకు గర్వముగనే యున్నది.

తులసీదాస్ బలరాం కథను జెప్పక ముందుకుఁ బోలేము. సికిందరాబాదు ప్రక్కను అమ్ముగూడయందలి బీదకుటుంబమువాఁడు. వాని యాటను జూచి రహీంగారు నగరములోని శిక్షణకు రమ్మనిరి. రావలెనన్న మైళ్లకొలఁది దూరము, బండికూలి లేదు. ఆ సంగతి తెలిసి రహీంగారు అద్దెసైకిలు నిమిత్తము దినమునకొక రూపాయి చొప్పునఁ దామే యిచ్చి రని బలరామే పెద్దవాఁడైన పిదపఁ బలుమార్లు చెప్పుకొనెను. బడిపంతులు జీతములో దినమున కొక రూపాయి యెంతయో ఆ కాలపువారిని అడిగిన తెలియును. ఆ సైకిలు మీఁద వచ్చిన పిల్లవాఁడు 1956లోను 1960లోను ఒలింపిక్ క్రీడలలో నాడెను, జకార్తాలోను నుండెను. 2023లో ఆయన కీర్తిశేషుఁడయ్యెను. మన దాతలు ఫలకముపైఁ బేరు చెక్కించుకొని యిచ్చు వేలకంటె ఆ రూపాయి లెక్క పెద్దదని వ్రాసినచో వారు మామీఁదఁ గోపింపరని నమ్ముచున్నాము.

1956 సంవత్సరాంతమున ఆస్ట్రేలియా దేశమున మెల్బోర్న్ నగరమున ఒలింపిక్ క్రీడలు. హంగరీ జట్టు రాకపోవుటచే మనవారు మొదటి మెట్టు ఆడకయే దాఁటిరి. రెండవ మెట్టులో ఆతిథేయులైన ఆస్ట్రేలియావారిని 4-2 గోళ్లతో గెలిచిరి. నెవిల్ డిసౌజా ఒక్కఁడే మూఁడు గోళ్లు వేసెను. ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనలు చేరిన తొలి ఆసియా దేశము మనదే యయ్యెను. అచట నెదుట నిలిచినది మఱల ఆ యుగోస్లావియాయే. ఈ మాఱు మొదటి గోలు మనవారే వేసిరి. తుదకు 4-1తో నోడిరి. తరువాత బల్గేరియా చేతిలో 3-0తో నోడి నాలుగవ స్థానమున నిలిచిరి. పది గోళ్ల యోటమికిని నాలుగు గోళ్ల యోటమికిని నడుమ నాలుగేండ్ల పాఠము గలదు. పతకములే లెక్కించువారి కది కనఁబడదు. మాకు మాత్రము జకార్తా గెలుపుకంటె మెల్బోర్న్ ఓటమి గొప్పదిగాఁ దోఁచును. ఆ కాలముననే హైదరాబాదు జట్టు సంతోష్ ట్రోఫీని 1956-57లోను, 1957-58లోను వరుసగా గెలిచెను.

1960లో రోము నగరమున మనవారు హంగరీచేత 2-1తోను, పెరూచేత 3-1తోను నోడి, ఫ్రాన్సుతో 1-1గా సమముగా నిలిచిరి. ఆ జట్టులో రహీంగారి కుమారుఁడు సయ్యద్ అబ్దుల్ హకీం కూడ నుండెను. మూఁ డాటలలో నొక్కదానిలోను అతఁడు మైదానమునఁ బాదము పెట్టలేదు. తండ్రి శిక్షకుఁడై యుండి కొడుకును ప్రక్కనఁ గూర్చుండఁబెట్టుట యనునది మన సభలలోని పెద్దలు రెండుమాఱులు చదువఁదగిన సంగతి. ఆ హకీం పిదప వాయుసేనలోఁ బనిచేసి, అంతర్జాతీయ రెఫరీయై, 2021లోఁ బరమపదించెను.

1962 ఆగస్టులో జకార్తాకుఁ బోవునాఁటికి రహీంగారి దేహమున రాచపుండు ప్రవేశించి యుండెను. అక్కడ మొదటి యాటలోనే దక్షిణకొరియాచేత 2-0తో నోటమి. తరువాత థాయిలాండుపై 4-1తో గెలుపు. కాని యా యాటలో రక్షకుఁడు జర్నైల్ సింగు తలకు గాయమై కుట్లు పడెను. జపానుపై 2-0తో గెలుపు. ఇంతలో వేఱొక విపత్తు. ఇండోనీషియా ప్రభుత్వము ఇజ్రాయెలు, తైవాను దేశములవారిని రానీయకపోవుటను మన దేశమునుండి పోయిన క్రీడాధికారి సోంధీ ఖండించెను. దానిపై జకార్తా జనులు ఆగ్రహించి మన దౌత్యకార్యాలయముమీఁదికి దండెత్తిరి. భారతీయుఁడని తెలిసినచో వీథిలో నిందలు. అట్టి నగరమున లక్షమంది ప్రేక్షకులు ఎదిరిపక్షమునకే కేకలువేయుచుండఁగా మన యువకు లాడవలసివచ్చెను.

సెమీఫైనలునకు రహీంగారు చేసిన పని వినుఁడు. తలకుఁ గుట్లున్న జర్నైల్ సింగు వెనుక రక్షకుఁడుగా నిలిచినచో ఎత్తైన బంతులను దలతోఁ గొట్టకతప్పదు. ఆడింపకున్నచో అంతటి బలశాలి మఱి లేఁడు. రహీంగారు వానిని ముందువరుసలో నడుమ నిలిపిరి. బాల్యమున నాతఁ డా తావున నాడినవాఁడే. దక్షిణ వియత్నాముపై 3-2తో గెలిచిన యా యాటలో చూనీ గోస్వామి రెండు గోళ్లు, జర్నైల్ ఒకటి వేసిరి. కొలువులోఁ బనికిరాని గాయమును గురువు క్రొత్తకొలువునకు యోగ్యతగా మార్చెను. నాలుగడుగుల పది యంగుళముల పోటీ పెట్టిన బుద్ధియే యిది.

తుదిపోటీ 1962 సెప్టెంబరు 4వ తేదీ. ఎదుట మఱల దక్షిణకొరియా. దానికి ముందు రహీంగారు తన పిల్లలను బిలిచి, తనకొక కానుక కావలయునని, అది బంగారమై యుండవలయునని యడిగి రని జట్టులోనివారు తరువాతి కాలమునఁ జెప్పుచుండిరి. ద్రోణాచార్యుఁ డేకలవ్యుని నడిగిన గురుదక్షిణ మన మెఱుఁగుదుము. ఆ దక్షిణచే శిష్యుని విద్య నశించెను. ఈ గురు వడిగిన దక్షిణచే శిష్యుల పేరు నిలిచెను. మన ప్రభుత్వము 1985లో క్రీడాశిక్షకులకుఁ బురస్కార మేర్పఱచునపుడు ద్రోణుని పేరే పెట్టుట మా కంతగా రుచింపదు. అది యట్లుండె. పి.కె. బెనర్జీ ఒక గోలును, జర్నైల్ సింగు కుట్లున్న తలతోనే తిరుగుచు నొక గోలును వేసిరి. ఆటముగియు సమయమునఁ గొరియావా రొకటి వేసిరి. జ్వరమునుండి లేచి వచ్చిన మన నగరపు తంగరాజు గోలువాకిట నిలిచెను. 2-1. హైదరాబాదువాఁడైన యూసుఫ్ ఖానును ఆ బంగారుజట్టులోనివాఁడే. పొరుగుదేశపు హాకీ యాటగాండ్రు మాత్రము ప్రేక్షకులలోఁ గూర్చుండి మనవారికై కేకలువేసి రని జట్టువారు కృతజ్ఞతతోఁ జెప్పుకొనెడివారు.

పది నెలలు తిరిగిరాకమునుపే, 1963 జూను 11వ తేదీన, రహీంగారు హైదరాబాదులోఁ గన్నుమూసిరి. వయస్సు 53 ఏండ్లు. ఆ తరువాత నేఁటివఱకు భారతజట్టు ఆసియా క్రీడలలో ఫుట్‌బాల్ బంగారు పతకము నందలేదు.

ఆయన నాఁటిన నారు కొంతకాలము పండినది. 1965లో ఆంధ్రప్రదేశ జట్టు సంతోష్ ట్రోఫీని గెలిచెను. పిదప మైదానములకు గోడలు మొలిచినవి. గోడల నడుమ దుకాణములును బండ్లు నిలుపు తావులును వెలసినవి. మేము పనిచేసిన యొక బడిలో ఆటస్థలమున మూఁడువంతులు కల్యాణమండపమునకుఁ బోయెను. మిగిలినదానిలో బాలురు ప్రార్థనకు నిలుచుటకే చాలదు. ఎడమకాలి పోటీ, కొలకఱ్ఱ పోటీ యనిన నేఁటి వ్యాయామోపాధ్యాయులు మా మొగము చూతురు. మన వసతిగృహములలో మూఁడింట ఎక్కువమార్కులకుఁ బతకము లిచ్చుటకు నిధులు గలవు. బంతులు కొనుటకు నిధి యొక్కదానిలోను లేదని లెక్కలు చూచి తెలిసికొంటిమి. కార్యనిర్వాహకవర్గము వచ్చు సంవత్సరపు ఆయవ్యయపట్టికలో దీనిని జేర్పఁగోరుచున్నాము. బంతులు, ఒక యీల, ఒక కొలకఱ్ఱ; పెద్ద వ్రయము గాదు.

2024 డిసెంబరులో సంతోష్ ట్రోఫీ తుదిపోటీలు మన నగరముననే జరిగినవి. గచ్చిబౌలి మైదానమున ఆ నెల చివరిదినమున ఫైనలు. గెలిచినవారు వంగీయులు; ఓడినవారు కేరళీయులు.